మనీప్లాంట్ ఆకు పసుపెక్కిందా? ముందు మట్టిని ముట్టి చూడండి

ఇంట్లో మనీప్లాంట్ ఆకులు పసుపెక్కి వాలిపోతే చాలామంది వెంటనే చెంబుడు నీళ్లు పోస్తారు. ఎన్నో మొక్కలు చచ్చిపోయేది ఆ నీళ్ల వల్లే. నీళ్లు తక్కువైనా ఆకు వాలుతుంది, ఎక్కువైనా వాలుతుంది. ఆకును చూస్తే ఆ తేడా తెలియదు. మట్టిని చూడాలి.

వేలితో పరీక్ష

చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. పొడిగా ఉండి, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపిస్తే అది దాహం. అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోయండి, ఒకటి రెండు పూటల్లో తేరుకుంటుంది. వేలికి బురద అంటుతున్నా ఆకు వాలే ఉంటే వేరుకుళ్లు అని అనుమానించాలి. ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో వేరుకు గాలి అందదు. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు. అందుకే నీళ్లలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది.

వేరు కుళ్లితే

మొక్కను కుండీలోంచి తీసి చూడండి. బాగున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది నల్లగా, మెత్తగా ఉండి వాసన వేస్తుంది. కుళ్లిన వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, తోటమట్టి, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన కొత్త మట్టిలో నాటండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకండి. వేర్లన్నీ పోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. గట్టిగా ఉన్న తీగను కణుపు కింద కోసి, ఆ కణుపు మునిగేలా గ్లాసు నీటిలో పెట్టండి. రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి.

ఊరిని బట్టి నీళ్లు

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఆ రోజుల్లో కుండీ త్వరగా ఆరదు. బరంపురం, యానాంలలో వానాకాలమూ అంతే. షోలాపూర్, బళ్లారి ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో అదే కుండీ ఒక్కరోజులో ఎండిపోవచ్చు. కాబట్టి వేరే ఊళ్లో ఉన్న పిన్నిగారు ఫోన్‌లో చెప్పిన లెక్క మీ ఇంటికి సరిపోకపోవచ్చు.

మిగతా గుర్తులు

ఆకు కొసలు గోధుమరంగుకు మారితే పొడిగాలి కావచ్చు, బోరునీటి ఉప్పు కావచ్చు. వాననీరు పట్టి పోసి చూడండి. ఆకు కింద దూదిలాంటి తెల్లని ముద్దలుంటే పిండినల్లి. సన్నని సాలెగూడు ఉంటే ఎర్రనల్లి. ముందు నీటితో బాగా కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. వారానికోసారి చొప్పున మూడుసార్లు చల్లాలి.

మనీప్లాంట్ ఆకు నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలకు అందకుండా పెట్టండి.

పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడదు. దాన్ని తుంచేసి, వచ్చే చిగురును చూడండి. అది పచ్చగా వస్తే మీ మొక్క బతికినట్టే.