300 హెచ్‌పీ బోటు ఇంజిన్.. 3 నెలల ముందే చెప్పిన డేటా, పట్టించుకోని నేను

ఫోన్ బాగా వేడెక్కితే ఏం చేస్తుంది? గేమ్ మధ్యలో ఫ్రేమ్ రేట్ పడిపోతుంది, బ్రైట్‌నెస్ తగ్గిపోతుంది. రివ్యూల్లో మనం తెగ తిట్టుకునే థర్మల్ థ్రాట్లింగ్ ఇదే. మరి నడి నీళ్లలో ఉన్నప్పుడు 300 హెచ్‌పీ బోటు ఇంజిన్ అదే పని చేస్తే? గత జులైలో ఓ శనివారం మధ్యాహ్నం ఆ ముచ్చట కూడా తీరింది. బోటులో మొత్తం ఐదుగురం, అందులో ఇద్దరు చిన్నపిల్లలు.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. ఔట్‌బోర్డ్ అంటే బోటు వెనక బయటికి బిగించే ఇంజిన్. దాని అరుపు నేను మొదటిసారి విన్నది మన విజయవాడలోనే. 2018 నవంబర్‌లో కృష్ణా నదిలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ రేస్ జరిగింది, గుర్తుందా? అప్పుడు నేను బీటెక్. క్లాసులు ఎగ్గొట్టి ఫ్రెండ్స్‌తో పున్నమి ఘాట్ వైపు వెళ్లిపోయాం. 2.5 లీటర్ల వీ6 టూ స్ట్రోక్ ఇంజిన్, 400 హెచ్‌పీ పైనే పవర్. చెవులు రెండు రోజులు గుయ్‌మన్నాయి కానీ పిచ్చి మాత్రం అలాగే ఉండిపోయింది. ఉద్యోగం నన్ను ఫ్లోరిడాలోని టాంపాకి తెచ్చి పడేశాక, మా టీమ్‌లో సీనియర్ అన్న, నేను కలిసి ఓ సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాం. మా ఇంట్లో ఈ విషయం ఇప్పటికీ తెలీదు.

కారులో రేడియేటర్, కూలెంట్ ఉంటాయి కదా. ఔట్‌బోర్డ్‌లో అవేవీ ఉండవు. ప్రొపెల్లర్‌కి పైన గేర్‌కేస్‌లో ఉండే రంధ్రాల నుంచి సముద్రపు నీటినే లాక్కుని, ఇంజిన్ చుట్టూ తిప్పి, మళ్లీ సముద్రంలోకే వదిలేస్తుంది. ఈ పని మొత్తం చేసేది ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం. అరచేతిలో పట్టేస్తుంది. వేల డాలర్ల ఇంజిన్ ప్రాణం ఆ రబ్బరు రెక్కల మీదే ఉంటుంది. దానికి నీళ్లే లూబ్రికేషన్. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా రెక్కలు కాలిపోవడం మొదలవుతుంది.

ఇంజనీర్ చేతికి బోటు ఇస్తే ఏం చేస్తాడు? మొదట డేటా కనెక్షన్ ఎక్కడుందో వెతుకుతాడు. ఇప్పటి ఔట్‌బోర్డ్‌లు చాలావరకు ఎన్ఎంఈఏ 2000 నెట్‌వర్క్‌లోకి డేటా పంపగలవు. కార్లలో ఉండే కాన్ బస్ లాంటిదే, స్పీడ్ 250 కేబీపీఎస్. పీజీఎన్ 127488లో ఆర్‌పీఎం, 127489లో టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్, కూలింగ్ నీటి ప్రెషర్ వస్తాయి. ఓ రాస్ప్‌బెర్రీ పై, దానికో కాన్ బోర్డు, సిగ్నల్ కే అనే ఓపెన్ సోర్స్ సర్వర్, పైన గ్రఫానా. రెండు వీకెండ్లలో డాష్‌బోర్డ్ రెడీ. ప్రెషర్ పాస్కల్స్‌లో వస్తుంది, 6,895తో భాగిస్తే పీఎస్ఐ. మీలో ఎవరైనా ట్రై చేస్తే నాలా యూనిట్ల దగ్గర ఓ రాత్రి పోగొట్టుకోకండి.

అసలు తప్పు ఇక్కడే మొదలైంది. ఏప్రిల్‌లో నేను జాక్ ప్లేట్‌తో ఆటలు మొదలుపెట్టా. అంటే ఇంజిన్ మొత్తాన్ని కొన్ని అంగుళాలు పైకి, కిందికి జరిపే హైడ్రాలిక్ ప్లేట్. ఇంజిన్ పైకి లేస్తే నీటిలో ఈడ్చుకెళ్లే భాగం తగ్గుతుంది, స్పీడ్ పెరుగుతుంది. గంటకి 57 మైళ్ల దగ్గర ఆగిపోయే బోటు 60 దాటింది! స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టేశా. అయితే ఇంజిన్ లేచే కొద్దీ ఆ నీటి రంధ్రాలు కూడా ఉపరితలానికి దగ్గరవుతాయి, నీళ్లతో పాటు గాలి కూడా పీల్చుకుంటాయి. ప్రెషర్ తగ్గుతుంది. పర్ఫార్మెన్స్ బోట్ల వాళ్లు టెంపరేచర్ కంటే నీటి ప్రెషర్ మీద ఎక్కువ కన్నేసి ఉంచేది అందుకే.

నా గ్రాఫ్‌లో కూడా అదే కనిపించింది. 4,000 ఆర్‌పీఎం దగ్గర ఏప్రిల్‌లో 16 పీఎస్ఐ, మేలో 14, జూన్ చివరికి 11. "ఏరా, ఇది తగ్గుతోందేంటి?" అని అన్న ఓసారి అడిగాడు కూడా. "జాక్ ప్లేట్ లేపాం కదా అన్నా, అంతే" అన్నా. నమ్మేశాడు. నేనూ నమ్మేశా.

ఆ శనివారం అన్న, వదిన, పిల్లలతో కలిసి టాంపా బే ముఖద్వారంలో ఉండే ఎగ్‌మాంట్ కీ అనే చిన్న దీవికి వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు మూడు దాటింది. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో ఇక్కడున్నవాళ్లకి తెలుసు. తూర్పున మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది, అప్పుడే అలారం మోగింది. ఈసీయూ పవర్ కట్ చేసేసింది, బోటు ముక్కు దబ్బున కిందికి దిగింది. ఇంజిన్ పక్క నుంచి ధారగా రావాల్సిన నీళ్లు సన్నగా చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆఫ్ చేశాం. ఇంజిన్ పైకెత్తి రంధ్రాలకి ప్లాస్టిక్ కవర్ ఏమైనా అడ్డుపడిందా అని చూశా. ఏమీ లేదు. మళ్లీ స్టార్ట్ చేస్తే నిమిషంన్నరలో మళ్లీ అలారం.

పక్కనే పెద్ద ఓడలు తిరిగే ఛానల్. లంగరు వేసి, టోయింగ్ సర్వీస్‌కి ఫోన్ చేసి, గంటన్నర కూర్చున్నాం. ఉరుములు దగ్గరకొచ్చాక పిల్లల చేత లైఫ్ జాకెట్ల బెల్టులు మళ్లీ బిగించింది వదిన. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

సోమవారం మెకానిక్ గేర్‌కేస్ దించి పంపు విప్పాడు. ఇంపెల్లర్‌కి 6 రెక్కలు ఉండాలి, రెండు లేవు, మూడోది చీలి వేలాడుతోంది. ఆయన వెంటనే కొత్తది వేసేయలేదు. ఊడిపోయిన ముక్కలు రెండూ దొరికేదాకా పైపులన్నీ వెతికాడు. అవి లోపలే ఉండిపోతే థర్మోస్టాట్ దగ్గర ఇరుక్కుని, కొత్త ఇంపెల్లర్ ఉన్నా ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుందట. తర్వాత కంప్రెషన్ టెస్ట్, ఆయిల్ తెల్లగా మారిందేమో చెక్. అదృష్టం, ఆరు సిలిండర్లూ బాగున్నాయి. "ఎప్పుడైనా నీళ్లు లేకుండా స్టార్ట్ చేశారా?" అని అడిగాడు. నేను నేల చూపులు చూశా. మార్చిలో, ఇంటి ముందు ట్రైలర్ మీద, ఆ సౌండ్ రికార్డ్ చేయడానికి ఓ 20 సెకన్లు. ఇన్‌స్టా రీల్ కోసం. అమ్మినవాళ్లు "పోయినేడే మార్చాం" అన్న ఇంపెల్లర్‌కి బిల్లు కూడా అడగలేదు మేం.

ఆ రాత్రి లాగ్స్ మొత్తం మళ్లీ తిరగేశా. నేనెప్పుడూ చూడని చోట ఉంది సమాధానం. ర్యాంప్ నుంచి బయటికొచ్చేటప్పుడు నిదానంగా వెళ్లే 1,000 ఆర్‌పీఎం డేటా. అక్కడ కూడా ప్రెషర్ ఏప్రిల్ నుంచి జులైకి దాదాపు సగమైంది. ఆ స్పీడ్‌లో బోటు వెనక భాగం నీటిలో బాగా దిగి ఉంటుంది, రంధ్రాలు పూర్తిగా మునిగి ఉంటాయి. జాక్ ప్లేట్ ఎత్తుకీ దానికీ సంబంధమే లేదు! నా థియరీ తప్పని ఆ ఒక్క గ్రాఫ్ చెప్పేస్తుంది. పైగా తక్కువ ఆర్‌పీఎంలో ఇంపెల్లర్ రెక్కలు పంపు గోడకి ఆనుకుని నీటిని నెడతాయి. వేగం పెరిగాక రెక్కలు లోపలికి వంగిపోయి, సెంట్రిఫ్యూగల్ పంపులా పనిచేస్తుంది. కాబట్టి రెక్కలు పాడైతే ముందు బయటపడేది ఐడిల్‌లోనే. నేను టాప్ స్పీడ్ గ్రాఫ్ తప్ప ఇంకోటి ఓపెన్ చేస్తే కదా.

ఇప్పుడు స్క్రిప్ట్ మార్చాను. కొత్త ఇంపెల్లర్‌తో తిరిగిన మొదటి మూడు ట్రిప్పుల డేటా బేస్‌లైన్. ప్రతి 500 ఆర్‌పీఎంకి ఓ బకెట్. ఏ బకెట్‌లో అయినా వరసగా రెండు ట్రిప్పుల్లో 15 శాతం తగ్గితే ఫోన్‌కి అలర్ట్. ఐడిల్ బకెట్‌లో తగ్గితే మాత్రం ఒక్క ట్రిప్ చాలు. ఇంజిన్‌తో వచ్చే అలారం ఓ గీత దాటాకే మోగుతుంది, అప్పటికి మీరు నీళ్ల మధ్యలో ఉంటారు. పక్క నుంచి వచ్చే ధార కూడా పూర్తి గ్యారంటీ కాదు. చాలా ఇంజిన్లలో అది ఓ పక్క పైపు మాత్రమే, అది బాగా వస్తున్నా లోపల ఇంకోచోట అడ్డం ఉండొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ ఎంత ఆర్‌పీఎంకి చేరాలో మాన్యువల్‌లో ఉంటుంది, మాదానికి 5,000 నుంచి 6,000. ప్రొపెల్లర్ పిచ్ ఎక్కువై 4,700 దగ్గరే ఆగిపోతుంటే ఇంజిన్ ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్న లారీలా మూలుగుతూ ఉంటుంది, పిస్టన్లకి అది మంచిది కాదు. పిచ్ ఓ అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. పెట్రోల్ సంగతికొస్తే, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. అమెరికాలో బోట్లకి ఈ15 పోయడమే నిషేధం. ఇండియాలో ఈ20 గురించి బైకుల వాళ్లు గొడవ పడుతున్నారు, బోట్లున్నవాళ్లు మాన్యువల్ తీసి ఎంతవరకు ఓకేనో చూసుకోవడం బెటర్. నీటిని వేరు చేసే 10 మైక్రాన్ల ఫిల్టర్ మాత్రం తప్పనిసరి. ఉప్పు నీటిలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో ఫ్లష్.

ఇంపెల్లర్ కిట్‌కి మాకు అయ్యింది 60 డాలర్ల లోపే. రీల్‌కి వచ్చిన లైకులు 41, అందులో ఒకటి అన్నది. మొన్న ఆదివారం ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయన స్పీడ్ గురించి అడగలేదు. "ఐడిల్‌లో ఎంత చూపిస్తోంది?" అన్నాడు. 4.1 అని చెప్పాక తాడు విప్పాడు. వదిన ఇంకా బోటు ఎక్కట్లేదు.