పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళ బొమ్మ ఇటుకలు

పెద్ద బొమ్మల దుకాణంలో లెగో అరల ముందు నిలబడితే రంగురంగుల పెట్టెల మధ్య కొన్ని నల్లటివి కనిపిస్తాయి. వాటి మూలన 18+ అని అచ్చువేసి ఉంటుంది. లోపల ఉండేవి మిగతా పెట్టెల్లో ఉన్నటువంటి ప్లాస్టిక్ ఇటుకలే. పెద్దవాళ్ళకు విడిగా ఈ నల్ల పెట్టెలను డెన్మార్క్‌ కంపెనీ లెగో 2020 నుంచి తెస్తోంది. అంతకుముందు పెద్దవాళ్ళు కొనలేదని కాదు. కొన్నారు, చాలామంది పిల్లల పేరు చెప్పి కొన్నారు. ఇప్పుడు ఆ సాకుతో పనిలేదు.

ఈ ఇటుకలతో సాధించిన రికార్డులు తిరగేస్తే దాదాపు ప్రతిదాని వెనకా నెలల తరబడి లెక్కలు వేసి, మొండిగా కూర్చుని పేర్చిన పెద్దవాళ్ళే ఉన్నారు. మన ఇళ్ళలో సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే అమ్మమ్మను ‘ఈ వయసులో బొమ్మలేమిటి’ అని ఎవరూ అడగరు. కొండపల్లి దశావతారాలు ఏ మెట్టు మీద పెట్టాలో, ఏటికొప్పాక లక్క బొమ్మలు ఎక్కడ నప్పుతాయో ఆమె పూటంతా ఆలోచించినా అందరూ గౌరవంగానే చూస్తారు. ఇటుకలు పేర్చే నలభై ఏళ్ళ మనిషికీ అదే గౌరవం దక్కాలన్నది నా గట్టి అభిప్రాయం. కింది విశేషాలు చదివాక మీరే చెప్పండి.

ఒకే పెట్టెలో తాజ్‌మహల్

2008లో లెగో తాజ్‌మహల్ పెట్టె వచ్చింది. అందులో 5,922 ముక్కలు. అన్నేసి ముక్కలతో అంతకుముందు ఏ పెట్టే రాలేదు. దాదాపు తొమ్మిదేళ్ళు ఆ రికార్డు ఆగ్రా పేరునే ఉంది. 2017లో స్టార్ వార్స్ సినిమాల అంతరిక్ష నౌక మిలేనియం ఫాల్కన్ 7,541 ముక్కలతో దాన్ని దాటేసింది. ఆ తర్వాత పోటీ జోరందుకుంది. 2020లో రోమ్ కొలోసియం వచ్చింది, 9,036 ముక్కలు. మరుసటి ఏడు టైటానిక్, 9,090. ఈ ఓడ పొడవు 135 సెంటీమీటర్లు. దాని వెనక పంఖాలు తిప్పితే లోపలి ఇంజన్ పిస్టన్లు కూడా కదులుతాయి. ఓడ భాగాలన్నీ కలిపేశాక ఆ పిస్టన్లు బయటికి కనిపించవు, కట్టిన మనిషికి మాత్రం అవి అక్కడున్నాయని తెలుసు. నాకు ఓడ మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

2022 నాటి ఈఫిల్ టవర్‌లో సరిగ్గా 10,001 ముక్కలు. ఎత్తు 149 సెంటీమీటర్లు, అంటే పదేళ్ళ పిల్లాడి కంటే పొడుగు. సంఖ్య ఒక్కటే చూస్తే 2021లో వచ్చిన ప్రపంచ పటం దీన్నీ మించింది. 11,695 ముక్కలు. అయితే వాటిలో చాలా మటుకు వేలిగోరంత గుండ్రటి బిళ్ళలే, ముగ్గు చుక్కల్లా వరుసగా గుచ్చుకుంటూ పోవాలి. అంకె దానిదే పెద్దది కావచ్చు, కట్టడంగా మాత్రం నా ఓటు ఈఫిల్‌కే.

ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ లండన్ టవర్ బ్రిడ్జి పెట్టె తాను కట్టానని, ఇటుకలు పేరుస్తుంటే మనసు నెమ్మదిస్తుందని 2014లో ఒక పత్రికకు చెప్పాడు. ఆ పెట్టెలో 4,287 ముక్కలు. అంత పేరున్న మనిషి దాపరికం లేకుండా చెప్పుకోవడం ఎందరికో ధైర్యమిచ్చి ఉంటుంది.

ఒక్క ఇటుక సత్తా

బిలుండ్ అనే చిన్న ఊళ్ళో వడ్రంగి ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో చెక్క బొమ్మలతో మొదలుపెట్టిన కంపెనీ ఇది. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉండి గట్టిగా పట్టుకునే ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ అతుకుతుంది. తాతగారి పెట్టెలోని ముక్క మనవడి కోటలో ఇమిడిపోతుంది.

ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, రెండు తీసుకుంటే 24 విధాలుగా కలపొచ్చు. మూడైతే 1,060. ఆరైతే? 91,51,03,765 విధాలు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ గణితవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్కకట్టి తేల్చిన సంఖ్య ఇది. అంతకు ముందు చాలా ఏళ్ళు కంపెనీ పది కోట్ల చిల్లర అని చెప్పుకొచ్చింది. ఆరు ఇటుకలను ఒకదానిపై ఒకటిగా ఆరంతస్తులు పేర్చే పద్ధతులు మాత్రమే ఆ లెక్కలోకి వచ్చాయి, పొట్టిగా, వెడల్పుగా కలిపేవి రాలేదు. బొమ్మ ఇటుకల మీద పట్టుబట్టి కూర్చున్న పెద్దమనిషి వల్లే ఆ లెక్క సరయింది.

బలం మాటకొస్తే, 2012లో బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ఇంజనీర్లు నాలుగు బుడిపెల ఇటుకను యంత్రంలో పెట్టి నొక్కి చూశారు. సుమారు 430 కిలోల బరువు దాకా అది ఓర్చుకుంది. అంటే దాని మీద మరో 3,75,000 ఇటుకలు నిలబడాలి, మూడున్నర కిలోమీటర్ల ఎత్తు! అయితే అంత ఎత్తు గోపురం అంతకు ఎంతో ముందే పక్కకు వంగి పడిపోతుంది, ఇటుక నలిగి కాదు.

నిజంగా కట్టిన వాటిలో ఎత్తైనది 2017 డిసెంబరులో టెల్ అవీవ్‌లో లేచింది. 35.95 మీటర్లు, ఐదు లక్షలకు పైగా ఇటుకలు. కేన్సర్‌తో చనిపోయిన ఎనిమిదేళ్ళ బాబు జ్ఞాపకంగా, ఊరివాళ్ళు అందించిన ఇటుకలతో కట్టారు. అంతకు రెండేళ్ళ ముందు మిలాన్ గోపురం 35.05 మీటర్లు. తేడా ఒక మీటరు కూడా లేదు.

నిలువెత్తు పనులు

2009లో బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత జేమ్స్ మే సర్రేలోని డార్కింగ్ దగ్గర ద్రాక్షతోటలో నిజమైన ఇల్లు కట్టించాడు. 33 లక్షల ఇటుకలు, సుమారు వెయ్యి మంది స్వచ్ఛంద సేవకులు. నీళ్ళొచ్చే షవర్, పనిచేసే మరుగుదొడ్డి, ఇటుకల మంచం. మే అందులో ఒక రాత్రి పడుకున్నాడు కూడా. ఇంటిని ఉన్నపళంగా తరలించే ఖర్చు భరించేవాళ్ళు దొరక్క చివరికి విప్పేశారు. ఆ వెయ్యి మందికి కూలీ లేదు, ఇటుక ముట్టుకోవాలనే సరదాతో వచ్చారు. ఈ జాబితాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కట్టడం ఇదే, ఇప్పుడు లేకపోయినా.

2013 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలబెట్టిన స్టార్ వార్స్ ఎక్స్-వింగ్ యుద్ధనౌకకు 53,35,200 ఇటుకలు పట్టాయి. చెక్ దేశంలోని క్లాడ్నోలో 32 మంది 17,336 గంటలు శ్రమించారు. దుకాణంలో దొరికే బొమ్మకు ఇది 42 రెట్లు. 2016లో ఇంగ్లండ్‌లోని సోలిహల్ దగ్గర 58,05,846 ఇటుకల టవర్ బ్రిడ్జి ఆ సంఖ్యను దాటింది. అది కార్ల కంపెనీ ప్రచారానికి కట్టింది కాబట్టి దాని గురించి ఇంతకన్నా చెప్పబుద్ధి కావడం లేదు.

కార్లంటే గుర్తొచ్చింది. 2018లో క్లాడ్నో బృందమే బుగాటీ షిరాన్ కారును నిలువెత్తున కట్టింది. ‘టెక్నిక్’ రకం లెగో ముక్కలు పది లక్షలకు పైమాటే, బరువు టన్నున్నర, జిగురు చుక్క వాడలేదు. లోపల బొమ్మల మోటార్లు 2,304. అన్నీ కలిసి లాగితే గంటకు 20 కిలోమీటర్లు దాటింది. అసలు కారును పరీక్షించే జర్మనీ ట్రాక్ మీదే, అసలు కారు నడిపే డ్రైవరు ఆండీ వాలేస్ దీన్నీ నడిపాడు.

బుగాటీకి వెనకాల కంపెనీ ఉంది. దానికి ఐదేళ్ళ ముందే ఏ కంపెనీ అండా లేకుండా ఇద్దరు ఇంతకన్నా సాహసం చేశారు. రొమేనియా కుర్రాడు రావుల్ ఓయిడా, మెల్‌బోర్న్ వ్యాపారి స్టీవ్ సమ్మార్టినో ఇంటర్నెట్‌లో పరిచయమయ్యారు. ట్విటర్‌లో అడిగితే నలభై మంది ఆస్ట్రేలియన్లు తలా కొంత డబ్బిచ్చారు. ఐదు లక్షలకు పైగా ముక్కలతో, గాలి పీడనంతో తిరిగే 256 పిస్టన్ల ఇంజన్‌తో కారు తయారైంది. ఇంజన్ కూడా లెగోయే! చక్రాలు, టైర్లు, బరువు మోసే కొన్ని భాగాలు మాత్రం మామూలువి. గంటకు ముప్ఫై కిలోమీటర్ల లోపు వేగం, ఇంజన్ పగిలిపోతుందేమోనన్న భయంతో అక్కడే ఆపారు.

చిత్రశాల దాకా

న్యూయార్క్‌లో వకీలుగా పనిచేసిన నేథన్ సవాయా 2004లో ఆ ఉద్యోగం వదిలి ఇటుకలతో శిల్పాలు చేయడానికి కూర్చున్నాడు. 2007 నుంచి ఆయన ప్రదర్శన దేశదేశాలు తిరుగుతోంది. ‘ఎల్లో’ అనే పసుపుపచ్చ మనిషి తన ఛాతీ రెండు చేతులతో చీల్చుకుంటే లోపలి నుంచి ఇటుకలు రాలిపడతాయి. దానికి 11,014 ఇటుకలు.

జపాన్ కళాకారుడు జుంపే మిత్సుయి హొకుసాయి గీసిన పెద్ద అల చిత్రాన్ని 50,000 ముక్కలతో మూడు కొలతల్లో నిలబెట్టాడు. అందుకు 400 గంటలు. అల విరిగే తీరు తెలుసుకోవడానికి వీడియోలు చూసి, పరిశోధన పత్రాలు చదివాడట. జర్మన్ కళాకారుడు యాన్ ఫోర్మన్‌ది మరో తరహా: పాత గోడల బీటల్లో, బెర్లిన్ గోడలకు యుద్ధంలో పడిన గుంతల్లో రంగురంగుల ఇటుకలు నింపుతాడు. 2007లో ఇటలీలోని చిన్న ఊళ్ళో మొదలైంది, ఇప్పుడు తెలియనివాళ్ళు కూడా ఎక్కడెక్కడో అలా చేస్తున్నారు.

చైనా కళాకారుడు ఐ వేవేది పెద్ద కథే. 2015లో ఆయన ఒక ప్రదర్శనకు పెద్దమొత్తంలో ఇటుకలు అడిగితే, రాజకీయ పనులకు ఇవ్వమని లెగో తిప్పికొట్టింది. విషయం తెలిసి జనం తమ ఇటుకలు తెచ్చిచ్చారు. ఊళ్ళలో కార్లు నిలిపి పైకప్పు కిటికీలు తెరిచి ఉంచితే, దారిన పోయేవాళ్ళు అందులో గుమ్మరించి వెళ్ళారు. మరుసటి ఏడు జనవరిలో కంపెనీ ఆ నియమం ఎత్తేసింది. 2023లో లండన్ డిజైన్ మ్యూజియంలో ఆయన చిత్రకారుడు మోనే గీసిన తామరకొలనును 22 రంగుల, దాదాపు ఆరున్నర లక్షల ఇటుకలతో 15 మీటర్ల పొడవునా పరిచాడు. అందులో ఒక నల్లటి ద్వారం ఉంటుంది. అది షిన్‌జాంగ్‌లో తండ్రితో పాటు ప్రవాసంలో తలదాచుకున్న నేలమాళిగ తలుపు. ఇది పిల్లలాటే అనగలరా?

చూపు లేకపోయినా

మాథ్యూ షిఫ్రిన్ అమెరికాలో పుట్టుకతో చూపు లేని కుర్రాడు. పెట్టెలో ఇచ్చే బొమ్మల పుస్తకం చూసి కట్టడం అతని వల్ల అయ్యే పని కాదు. పదమూడో పుట్టినరోజున కుటుంబ స్నేహితురాలు లిల్యా ఫింకెల్ ఎనిమిది వందల పైచిలుకు ముక్కల రాజప్రాసాదం పెట్టెతో పాటు ఒక లావాటి ఫైలు తెచ్చింది. ప్రతి ముక్కకూ ఒక పేరు పెట్టి, ఒక్కో మెట్టూ మాటల్లో చెప్పి బ్రెయిలీలో రాసింది. అతను మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా పేర్చాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఇంకా చాలా పెట్టెలకు అలాంటి సూచనలు తయారుచేసి అందరికీ ఉచితంగా పెట్టారు. 2017లో ఆమె చనిపోయింది. అతను లెగో కంపెనీ తలుపు తట్టాడు. 2019లో కంపెనీయే ధ్వని, బ్రెయిలీ సూచనలు మొదలుపెట్టింది. ముట్టుకోవడానికి వీలులేని టవర్ బ్రిడ్జి గోపురాలను, కోటల తోరణాలను ఇటుకల వల్లే వేళ్ళతో చూడగలిగానని షిఫ్రిన్ అంటాడు. ఈ వ్యాసంలో అన్ని అంకెల కన్నా నాకు పెద్దది ఆ ఫైలు.

సముద్రం పాలైనవి

1997 ఫిబ్రవరి 13న టోకియో ఎక్స్‌ప్రెస్ అనే ఓడ ఇంగ్లండ్ కొసన పెద్ద అలకు ఒరిగి 62 కంటైనర్లు జారవిడిచింది. ఒకదానిలో దాదాపు 48 లక్షల లెగో ముక్కలు. చాలావరకు సముద్రపు బొమ్మలే! కార్న్‌వాల్ తీరాన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఇసుకలో వాటిని వెతుకుతున్నారు. మొత్తం 4,200 ఉన్న నల్ల ఆక్టోపస్ దొరికితే ఊరంతా చెప్పుకుంటారు. అయితే ఇటుక నీళ్ళలో వంద నుంచి 1,300 ఏళ్ళ దాకా ఉండగలదని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2020లో అంచనా వేసింది. కనుక వెతికి తీయడం సరదా మాత్రమే కాదు, తీరాన్ని శుభ్రం చేసే పని కూడా.

మళ్ళీ మొదలు

బాల్యంలో ఆడి, కాలేజీ రోజుల్లో మానేసి, ఉద్యోగం, పెళ్ళి అయ్యాక మళ్ళీ పెట్టె తెరిచేవాళ్ళే ఈ ప్రపంచంలో ఎక్కువ. నడుమ పోయిన ఏళ్ళను వాళ్ళు తమలో తాము చీకటి యుగం అనుకుంటారు. సియాటిల్ ప్రాంతంలో బ్రిక్‌కాన్, డెన్మార్క్‌లో షేర్‌బెక్ లాంటి చోట్ల ఏటా పెద్దవాళ్ళే గుమిగూడి తమ కట్టడాలు చూపించుకుంటారు. 2017లో బిలుండ్‌లో తెరిచిన లెగో హౌస్‌లో 63,16,611 ఇటుకల చెట్టు అంతస్తులు దాటుకుంటూ పైకి లేస్తుంది. అదే భవనం పైభాగాన అభిమానులు కట్టినవాటికే ఒక గది కేటాయించారు.

వాళ్ళ ఊహ దుకాణం దాకా వచ్చే దారి కూడా ఉంది. లెగో ఐడియాస్ అనే పథకంలో సొంత నమూనా పెట్టి, 10,000 మంది మద్దతు తెచ్చుకుంటే కంపెనీ పరిశీలిస్తుంది. చంద్రుడి మీదికి మనుషుల్ని మోసుకెళ్ళిన శాటర్న్-5 రాకెట్ అలాగే 2017లో అమ్మకానికి వచ్చింది. మీటరు ఎత్తు, 1,969 ముక్కలు. ఆ ముక్కల సంఖ్యే మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టిన సంవత్సరమని వేరే చెప్పనక్కర్లేదు. ఎంపికైన నమూనా కట్టినవాళ్ళకు నికర అమ్మకాల్లో ఒక శాతం ఇస్తారు.