గోడలలో దాఁగిన వాద్యము

మూకీచిత్రముల కాలమున వాద్యబృందమంతయుఁ జేయు పనిని ఒక్కఁడే చేయుటకై అమెరికా సినిమాశాలలలో గొట్టముల ఆర్గన్‌ను నెలకొల్పిరి. దీనికి దారి చూపిన రాబర్ట్ హోప్‌జోన్సు ఇంగ్లండున టెలిఫోను ఇంజనీరు. మీట నొక్కఁగనే విద్యుత్తు తీఁగవెంటఁ బోయి, ఎక్కడనో యున్న గొట్టమునకు గాలి విడుచును. కావున వాయించువాఁడు ప్రేక్షకుల యెదుటను, గొట్టములు గోడల వెనుక గదులలోను, గాలినూఁదు యంత్రము వేఱొకచోటను ఉండవచ్చును. గదుల పలకలు తెఱచినచో నాదము హెచ్చును, మూసినచో తగ్గును. ఒకే వరుస గొట్టములను పలు స్థాయిలలో వాడుకొనుట ఆయన పొదుపు. ఇల్లు దిద్దుకొను మనకిది వింతగాదు.

1910లో వుర్లిట్జర్ కంపెనీఁ జేరిన హోప్‌జోన్సు, పాపము, 1914లో ఆత్మహత్య చేసికొనెను. 1927 పిమ్మట టాకీలు ప్రబలి, మేళగాండ్రతోపాటు ఈ వాద్యమునకును పని తప్పెను. అయినను 1932లో న్యూయార్కు రేడియో సిటీ మ్యూజిక్ హాలున 4,410 గొట్టములతో, వాయించుటకు రెండు పీఠములతో ఒకదానిని అమర్చిరి.