ఓడ పగిలినా సొమ్ము మీదే

‘నిధుల దీవులు, పేరుమోసిన ఓడలు’ మీద ఆదివారం ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు సోమవారం ఫోన్ చేశారు. గడువు గురువారం సాయంత్రం. మాది ఆర్మూరు. పసుపు పండే నేల. సముద్రం దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరం. నిధి అంటే మాకు లంకెబిందెల కథలే.

రెండు రోజులు దీవుల కథలు చదివాను. అన్నింట్లోనూ పటం ఉంటుంది, నిధి ఉండదు. వాటి మీద నాకు నమ్మకం కుదరలేదు. నన్ను పట్టి ఆపింది మన తీరంలోని ఒక రాతికంబం. బాపట్ల జిల్లా చినగంజాం మండలం మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి మండపంలో ఉంది.

దాని మీద ఉన్నది కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం. శక సంవత్సరం 1166, అంటే 1244-45. ఓడ గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనమే ఒప్పుకుంటుంది. తానలా చేయనంటాడు గణపతిదేవుడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నానంటాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు.

ఆ అభయంతో పాటే రేట్ల పట్టీ కూడా చెక్కించాడు. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు. ఏ సరుకుకు ఎంత కట్టాలో ఓడ దిగకముందే వర్తకుడికి తెలిసిపోతుంది. నేను చదివిన ఏ నిధి పటంలోనూ ఇంత విలువైన సమాచారం లేదు.

ఇది నాకెందుకింత పట్టిందో చెబుతాను. కొన్నేళ్ళ కింద మా బాపు తొమ్మిది నెలలు పెంచి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, పాలిష్ పట్టించిన పసుపు అమ్మకానికి మార్కెట్ యార్డులో రాశి పోసిన రాత్రే అకాల వాన పడింది. పొద్దున చూస్తే అడుగున కొమ్ములు ఉబ్బి, మెరుపు పోయి, వేళ్ళకు పచ్చగా అంటుకుంటున్నాయి. ముందురోజు రేటు చెప్పిన వ్యాపారి ఒక కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూసి, అందులో సగం ఇస్తానన్నాడు. బాపు ఇచ్చేశాడు. వెనక్కి తోలితే కిరాయి మీద పడుతుంది. మొన్న శాసనం సంగతి చదివి వినిపిస్తే, “గిది మన తడిసిన పసుపు ముచ్చటే గద బిడ్డా” అన్నాడు.

మిగతా చరిత్ర క్లుప్తంగా. 1275లో ఇంగ్లండు చేసిన వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం ప్రకారం, పగిలిన ఓడ నుంచి మనిషి గానీ కుక్క గానీ పిల్లి గానీ ప్రాణంతో బయటపడితే ఆ సరుకు దిక్కులేని సొమ్ము కాదు. మార్కో పోలో రాసిన ‘ముత్‌ఫిలి’ మన మోటుపల్లే. లోయలోకి విసిరిన మాంసానికి వజ్రాలు అంటుకుంటే గద్దలు పైకి తెస్తాయన్నాడు. వజ్రాలు నిజం. వాటిని తెచ్చింది మాత్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల మట్టి తవ్వి, కడిగిన కూలీలు. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లిలోనే వర్తకులకు మరో శాసనం వేయించాడు.

లంకె వేరు, లంక వేరు

లంకెబిందెల్లోని ‘లంకె’ రెండు బిందెలను కలిపే కొలికి. దీవి అనే అర్థమున్న ‘లంక’తో దానికి సంబంధం లేదు.

ఇక నేను చదివిన దీవుల కథల్లో ఒకటి: కోకోస్ దీవిలో నిధి కోసం అగస్ట్ గిస్లర్ అనే జర్మన్ 1889 నుంచి 1908 దాకా తవ్వాడు. దొరికినవి కొన్ని నాణేలు.



యార్డు గేటు దగ్గర ఒక పట్టీ

జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం 2025లో నిజామాబాద్‌లో తెరుచుకుంది. ఆర్మూరు రైతుబిడ్డగా బోర్డు పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వానకు తడిసిన పసుపులో ఎంత తేమ ఉంటే ధరలో ఎంత కోత పెట్టాలో ముందే తేల్చి, ఆ పట్టీని ప్రతి యార్డు గేటు దగ్గరా పెద్ద అక్షరాలతో రాయించండి. రాశి పోయకముందే రైతు దాన్ని చదువుకోవాలి.