మెట్ట కృష్ణా లెక్కల్లో మనోళ్లు ఎక్కడ? జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంపై ఒక పరిశీలన

కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి కాలువలు, వరి పొలాలు, విజయవాడ. కానీ విజయవాడలో హైదరాబాద్ బస్సెక్కి ఇబ్రహీంపట్నం, పరిటాల, కంచికచర్ల దాటి చూడండి. నల్లరేగడి చేలు, పత్తి, మిర్చి, సుబాబుల్ తోటలు, సిమెంట్ లోడుతో పోయే లారీలు కనిపిస్తాయి. ఇది జిల్లాలోని మెట్ట ప్రాంతం. నందిగామ, జగ్గయ్యపేట దీనికి రెండు ముఖ్య పట్టణాలు. ఇక్కడ ఎంతమంది ఉన్నారు, ఏం పని చేసుకుని బతుకుతున్నారు, అందులో మన కుటుంబాల సంగతేంటి? జనాభా లెక్కలు మళ్లీ మొదలవుతున్న ఈ సమయంలో ఈ ప్రశ్నలు ప్రతి ఇంటికీ అవసరమే.

జిల్లా సగటు చెప్పని సంగతి

2011 లెక్కల ప్రకారం పాత కృష్ణా జిల్లా జనాభా 45 లక్షల 17 వేలు. అక్షరాస్యత 73.74 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67 శాతమే కాబట్టి మన జిల్లా ముందున్నట్టే. వెయ్యి మంది మగవారికి 992 మంది ఆడవారు. జిల్లాలో ప్రతి పది మందిలో నలుగురు పట్టణాల్లోనే ఉన్నారు.

చూడ్డానికి ఇవన్నీ మంచి అంకెలే. కానీ ఈ సగటులో విజయవాడ నగరం, డెల్టా ఊళ్లు, మెట్ట ఊళ్లు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. అదే లెక్కల్లో జగ్గయ్యపేట పట్టణ జనాభా 53 వేల పైచిలుకు, నందిగామ జనాభా 44 వేల పైచిలుకు. విజయవాడ నగరం ఒక్కటే పది లక్షలు దాటింది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి ఈ ప్రాంతం అందులోకి వచ్చాక తేడా ఇంకా పెరిగింది. పాత లెక్కల ప్రకారం కొత్త జిల్లా జనాభా సుమారు 22 లక్షలు. అందులో దాదాపు సగం విజయవాడ నగరానిదే. అంటే ఇప్పుడు జిల్లా సగటు చూస్తే కనిపించేది ఎక్కువగా నగరమే. వత్సవాయిలోనో, చందర్లపాడులోనో కూలికి పోయే ఇల్లు ఆ అంకెలో కనపడదు.

నీళ్లు, రాయి, రోడ్డు

మెట్టకూ డెల్టాకూ అసలు తేడా నీళ్ల దగ్గర మొదలైంది. 1850లలో విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టాక డెల్టాకు కాలువ నీళ్లు వచ్చాయి. మెట్ట ప్రాంతం మరో వందేళ్లకు పైగా వానల మీద, చెరువుల మీద బతికింది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద ఇక్కడికీ నీళ్లొచ్చాయి. కానీ ఆ కాలువ నల్లగొండ, ఖమ్మం దాటి వస్తుంది. మనం చివరి ఆయకట్టు. పైన నీళ్లు తగ్గితే ముందు ఎండేది మన పొలాలే. పక్కనే కృష్ణ మీద కట్టిన పులిచింతల ప్రాజెక్టు ముఖ్య ఉద్దేశం కూడా డెల్టాకు సకాలంలో నీళ్లివ్వడమే. అందుకే ఇక్కడి రైతు పత్తి, మిర్చి వైపు వెళ్లాడు. ధర వచ్చిన ఏడు బాగుంటుంది, లేని ఏడు అప్పు మిగులుతుంది. ఆ అప్పు ప్రభావం రైతు ఒక్కడితో ఆగదు. కూలీలు, బట్టల కొట్లు, టైలర్లు, ఆటోవాళ్ల మీద కూడా పడుతుంది.

రెండోది రాయి. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి నిక్షేపాలు ఉండటంతో జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి. మూడోది రోడ్డు. 65వ నెంబర్ జాతీయ రహదారి నందిగామ, చిల్లకల్లు మీదుగా పోయి గరికపాడు దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. లారీలు, మెకానిక్ షెడ్లు, టైర్ల షాపులు, హోటళ్లు ఈ రోడ్డు ఇచ్చిన బతుకులే. 2023 జులైలో, 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు ఈ రోడ్డుతో పాటే చాలా ఇళ్ల సంపాదన కూడా ఆగిపోయింది.

మనోళ్ల సంగతి

ఈ ప్రాంతం ఒకప్పుడు నిజాం కొండపల్లి సర్కారులోది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాక కూడా వజ్రాల గనుల కోసం పరిటాల చుట్టుపక్కల ఊళ్లను నిజాం తన దగ్గరే ఉంచుకున్నాడు. చుట్టూ బ్రిటిష్ పాలన ఉన్నా స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ ఊళ్లు హైదరాబాద్ సంస్థానంలోనే ఉన్నాయి. మనవాళ్లు ఇక్కడ నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు.

అయితే మనవాళ్లంతా ఒక్కటే తీరుగా లేరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే షేక్, సయ్యద్, పఠాన్ కుటుంబాలున్నాయి. తరతరాలుగా ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల, అంటే నూర్‌బాషా కుటుంబాలున్నాయి. పత్తి పండే నేలలో దూది ఏకడం, పరుపులు కుట్టడం వాళ్ల కులవృత్తి. మెషిన్లు, రెడీమేడ్ పరుపులు వచ్చాక ఆ వృత్తి తగ్గిపోయి పిల్లలు వేరే పనులు చూసుకున్నారు.

ప్రభుత్వ జాబితాల్లోనూ ఈ తేడా ఉంది. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా వాళ్లు బీసీ-బీలో ఉన్నారు. షేక్, ఖురేషీ, ఫకీర్, అత్తరు సాయిబులు వంటి వర్గాలు 2007 చట్టంతో బీసీ-ఈలోకి వచ్చి 4 శాతం రిజర్వేషన్ పొందాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వాళ్లు ఈ జాబితాలో లేరు. ఒకే మసీదులో పక్కపక్కన నిలబడే ముగ్గురి పిల్లలకు కాలేజీ అడ్మిషన్‌లో మూడు దారులన్నమాట.

ఇక్కడ కూడా సగటు మనల్ని మోసం చేస్తుంది. 2001 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5 శాతం. చూస్తే మనమే ముందున్నట్టు ఉంటుంది. కానీ అప్పుడు మన జనాభాలో సగానికి పైగా పట్టణాల్లో ఉన్నారు, అందులో హైదరాబాద్ వాటా చాలా పెద్దది. ఆ 68లో మెట్ట పల్లెల ఆడపిల్ల చదువు ఎంత అన్నది తెలియదు. రాష్ట్రం విడిపోయాక 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు సుమారు 36 లక్షలు, అంటే 7 శాతం పైచిలుకు. ఇక హైదరాబాద్ అంకెల చాటున మన పరిస్థితి చూసుకునే వీలు లేదు.

అంకె లేకపోతే ఏం పోతుంది?

చాలా పోతుంది. 4 శాతం రిజర్వేషన్ చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. కమిషన్ సేకరించిన లెక్కలు, వాడిన పద్ధతి సరిపోవన్నది ఆ తీర్పులో ఒక ముఖ్య కారణం. ఆ ఏడు మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే అది కొనసాగుతూ వచ్చింది. ఇక మైనారిటీలు ఎక్కువగా ఉన్నచోట స్కూళ్లు, హాస్టళ్లు, ఆస్పత్రులు కట్టే పీఎంజేవీకే పథకానికి 2018లో ప్రాంతాలను ఎంచింది 2011 లెక్కలతోనే. మైనారిటీ జనాభా 25 శాతం ఉండాలన్నది కొలమానం. ఏళ్ల కిందటి అంకెలతో ఇవాళ్టి పిల్లల హాస్టల్ నిర్ణయం అయిపోయిందన్నమాట.

ప్రపంచంలో ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ముందువరుసలో ఉండే ఇండోనేషియాను చూడండి. అక్కడి గణాంక సంస్థ బీపీఎస్ ప్రతి ప్రావిన్స్ గురించీ ఏటా జనాభా, చదువు, పని, పేదరికం అంకెలతో ఒక పుస్తకం తెస్తుంది. మన మండలం లాంటి చిన్న ప్రాంతాలకు కూడా ఇలాంటి పుస్తకాలున్నాయి. 2020లో కరోనా మధ్యలోనూ వాళ్లు జనాభా లెక్కలు పూర్తి చేశారు. మన దగ్గర 2021లో జరగాల్సినవి వాయిదా పడుతూ వచ్చాయి.

ఇంటికి వచ్చినప్పుడు ఏం చెప్పాలి?

2025 జూన్ 16న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఈసారి లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ముందు 2026లో ఇళ్ల వివరాలు, తర్వాత 2027 ఫిబ్రవరిలో మనుషుల వివరాలు రాసుకునే ఏర్పాటు. 1931 తర్వాత మొదటిసారి అందరి కులాలూ నమోదవుతాయి. నాలుగు విషయాలు గుర్తుంచుకుంటే చాలు.

ఒకటి, కులం. మీ సర్టిఫికెట్‌లో ఏ పేరుందో అదే చెప్పండి. తండ్రి దూదేకుల అని, కొడుకు ఉత్తి ముస్లిం అని చెబితే ఒకే ఇల్లు రెండు లెక్కల్లో పడుతుంది.

రెండు, మాతృభాష. చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష ఏదో అదే మాతృభాష. ఉర్దూ అయితే ఉర్దూ, తెలుగు అయితే తెలుగు. ముస్లిం కాబట్టి ఉర్దూ అని వాళ్లే రాసేసుకోకూడదు, మనం మొహమాటపడి మార్చకూడదు. 2022లో ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష అయింది. ఎక్కడ ఎంతమంది ఉర్దూవాళ్లున్నారో తెలిస్తేనే ఆ హోదా కాగితం దాటి మన ఊరికి వస్తుంది.

మూడు, ఆడవాళ్ల పని. "మీరేం చేస్తారమ్మా?" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటా" అనడం మనకు అలవాటు. ఇంట్లో మెషిన్ మీద జాకెట్లు కుట్టినా, పరుపులు కుట్టినా, సీజన్‌లో మిర్చి కోతకు పోయినా అది పనే. ఏడాదిలో ఆర్నెల్లు కన్నా తక్కువ చేసినా దానికీ ఒక లెక్క ఉంది. చెప్పకపోతే ఆ చెమట ఏ కాగితంలోనూ ఉండదు.

నాలుగు, బయట ఉన్నవాళ్లు. లారీ మీద పోయి ఆ రోజుల్లో మధ్యలో ఇంటికి వచ్చే డ్రైవర్‌ను ఇంటి లెక్కలో రాయించాలి. లెక్కింపు జరిగినన్నాళ్లూ గల్ఫ్‌లోనే ఉన్న కొడుకు పేరు ఇక్కడ రాదు.

ఈ నాలుగు మాటలు జుమా రోజు మసీదులో ఇమాం సాబ్ చెబితే మగవాళ్లకు చేరతాయి. కానీ పగటిపూట తలుపు తీసేది, సమాధానం చెప్పేది ఎక్కువగా ఇంట్లో ఉన్న ఆడవాళ్లే. కాబట్టి ఈ సంగతి ముందు అమ్మీకి, ఖాలాకు, కోడలికి చెప్పండి.