ఉపధ్రువ అరణ్యంలో పర్యటన ప్రణాళిక: డెనాలి జాతీయ పార్కు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఉపధ్రువ ప్రాంతపు వన్య పార్కుకూ సాధారణ పర్యాటక కేంద్రానికీ గల తేడాను గుర్తించగలరు.
• ఋతువు, రహదారి, నదులు, జంతువులు పర్యటన ప్రణాళికను ఎలా నిర్ణయిస్తాయో వివరించగలరు.
• తిరుగు ప్రయాణం గురించి ముందే ఆలోచించడం ఎందుకు అవసరమో ఉదాహరణతో చెప్పగలరు.

1. పరిచయం

ఎలా వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి, ఏమేం చూడాలి అన్న ప్రశ్నలతో మనం సాధారణంగా పర్యటన ప్రణాళిక మొదలుపెడతాం. ఉపధ్రువ అరణ్యాలకు ఇవి చాలవు. అక్కడ మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఎలా తిరిగి రావాలి? అలాస్కాలోని డెనాలి జాతీయ పార్కును ఉదాహరణగా తీసుకుని ఈ విషయం పరిశీలిద్దాం.

ఈ పార్కును 1917లో మౌంట్ మెకిన్లీ పేరుతో స్థాపించారు. 1980లో విస్తరించి డెనాలి అని పేరు మార్చారు. దీని విస్తీర్ణం సుమారు 24,500 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ రాష్ట్రంలో ఐదో వంతుకు పైనే. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తయిన శిఖరం (6,190 మీటర్లు) ఇందులోనే ఉంది. అయితే అది తరచూ మబ్బుల చాటున ఉంటుంది. కాబట్టి శిఖర దర్శనం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే నిరాశ తప్పకపోవచ్చు.

2. ఋతువు, రహదారి

పార్కు బస్సులు మే మూడో వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు నడుస్తాయి. జూన్‌లో పగలు ఇరవై గంటలకు పైగా ఉంటుంది. వేసవిలో సైతం మంచు కురవవచ్చు. అందుచేత వానకు తడవని పైదుస్తులు, ఉన్ని దుస్తులు తప్పనిసరి.

ఇంత పెద్ద పార్కుకు ఒకే ఒక్క రహదారి ఉంది. దాని పొడవు 148 కిలోమీటర్లు. వేసవిలో సొంత వాహనాలను మొదటి 24 కిలోమీటర్ల వరకే అనుమతిస్తారు. ఆపైన పార్కు బస్సే దిక్కు. ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న భూగర్భ మంచు కరగడం వల్ల ఒకచోట కొండవాలు జారి, 2021 ఆగస్టులో రహదారి సగం దారిలో మూతపడింది. అక్కడ వంతెన నిర్మాణం చేపట్టారు. కనుక తాము వెళ్ళే ఏడాది దారి ఎంతవరకు తెరిచి ఉందో తెలుసుకున్నాకే బస్సు టికెట్టు తీసుకోవాలి.

3. నదులు, జంతువులు

మన గోదావరికి వరద వానలతో వస్తుంది. హిమానీనదాల నుంచి పుట్టే ఏరు మాత్రం ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా పొంగుతుంది. ఎండకు మంచు కరిగి, సాయంత్రానికి నీటిమట్టం పెరుగుతుంది. ఉదయం మోకాలి లోతున దాటిన ఏరు సాయంత్రం దాటడానికి వీలులేకుండా ఉండవచ్చు. ఏరు దాటవలసిన రోజున ఉదయాన్నే బయలుదేరాలి.

ఎలుగుబంట్లకు కనీసం 275 మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తకూడదు. మూస్ అనే పెద్ద దుప్పి మీదికి వస్తే మాత్రం పరుగెత్తి తప్పుకోవాలి. లోపలి అరణ్యంలో రాత్రి బస చేసేవారు ముందుగా అనుమతిపత్రం పొందాలి. ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో ఆహారాన్ని భద్రపరచాలి.

4. ఒక విషాద ఉదాహరణ

క్రిస్టఫర్ మెక్‌కాండ్లెస్ అనే యువకుడు 1992 ఏప్రిల్‌లో, పార్కు సరిహద్దుకు ఉత్తరాన ఉన్న స్టాంపీడ్ బాటపై ఒంటరిగా బయలుదేరాడు. చలికాలం ఇంకా పూర్తిగా పోలేదు. టెక్లనికా నదిని సులభంగా దాటాడు. జూలైలో తిరిగి రాబోతే అదే నది ఉధృతంగా ప్రవహిస్తోంది. వెనుదిరిగి, తాను తలదాచుకున్న పాత బస్సుకే చేరాడు. కొన్ని వారాలకు అక్కడే మరణించాడు. అతని వద్ద ఆ ప్రాంతపు వివరమైన పటం లేదు. నదిని మరోచోట దాటే సాధనం ఉందని అతనికి తెలియలేదు.

అతని కథ పుస్తకంగా, సినిమాగా వచ్చాక ఆ బస్సును చూడడానికి ఎందరో వెళ్ళారు. వారిలో ఇద్దరు, 2010లో ఒకరు, 2019లో మరొకరు, అదే నదిలో ప్రాణాలు కోల్పోయారు. చివరకు 2020లో బస్సును హెలికాప్టరుతో అక్కడి నుంచి తరలించారు.

అతనికి ధైర్యం తక్కువ కాలేదు. వచ్చిన దారి తిరిగి వెళ్ళేటప్పుడు అలాగే ఉంటుందనుకోవడమే పొరపాటు.

5. సారాంశం

మంచి ప్రణాళికలో మూడు అంశాలు ఉండాలి: తిరుగుదారి మూసుకుపోతే మరో దారి, ఒకటి రెండు రోజులకు అదనపు ఆహారం, ఏ తేదీకి రాకపోతే వెతకాలో తెలిసిన ఒక మనిషి. పార్కులో చాలాచోట్ల మొబైలు సిగ్నలు ఉండదు కాబట్టి ఈ మూడో అంశం మరీ ముఖ్యం. అనుకున్న చోటికి చేరకుండా వెనుదిరగడం ఇక్కడ ఓటమి కాదు. అది కూడా ప్రణాళికలో భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హిమానీనదం నుంచి పుట్టే ఏటిని ఉదయమే దాటడం ఎందుకు మంచిది?
2. టెక్లనికా ఉదాహరణలో ముందే తెలుసుకోవలసిన రెండు విషయాలు రాయండి.