పాలసీ సొమ్ము ఆలుబిడ్డలకే దక్కాలంటే..

1874 నాటి చట్టంలోనే రక్షణ
దరఖాస్తు చేసే రోజునే కోరాలి

గుంటూరు: మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకరు రూ.25 లక్షలకు జీవిత బీమా చేయించి, భార్యను నామినీగా రాశారనుకోండి. వ్యాపారంలో ఆయనకు రూ.30 లక్షల అప్పులున్నాయి. ఆయన హఠాత్తుగా కన్నుమూస్తే ఆ సొమ్ము ఎవరిది? నామినీగా పేరుంది కనుక భార్యదేనని చాలామంది భావిస్తారు. చట్టం మాత్రం అంత తేలికగా తేల్చి చెప్పడం లేదు.

నామినీ వేరు, వారసులు వేరు

నామినీ సొమ్మును అందుకునే వ్యక్తి మాత్రమేనని, వారసుల హక్కు అలాగే ఉంటుందని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా భర్త మరణిస్తే భార్యాబిడ్డలతో పాటు ఆయన తల్లికీ సమాన వాటా ఉంటుంది. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వారికే చెందుతుందని 2015లో బీమా చట్టాన్ని సవరించారు. అయితే ఆ సవరణ వారసత్వ చట్టాన్ని తోసిపుచ్చజాలదని 2025లో కర్ణాటక హైకోర్టు పేర్కొంది. ఈ అంశంపై హైకోర్టుల తీర్పులు ఒకే తీరున లేవు. అంటే నామినేషన్ ఉన్నా బంధువులతో, రుణదాతలతో కోర్టుల చుట్టూ తిరగవలసిన ముప్పు పూర్తిగా తొలగలేదు.

చట్టమే ట్రస్టును కల్పిస్తుంది

ఈ ముప్పుకు వివాహిత స్త్రీల ఆస్తి చట్టం-1874లోని ఆరో సెక్షన్ విరుగుడు చూపుతోంది. వివాహితుడు తన ప్రాణంపై తీసుకున్న పాలసీ భార్య కోసమో, పిల్లల కోసమో, ఇద్దరి కోసమో అని పత్రంలోనే స్పష్టంగా రాయిస్తే, అది వారి మేలుకోసం ఏర్పడిన ట్రస్టుగా చెల్లుతుంది. ప్రత్యేకంగా ట్రస్టు పత్రం రిజిస్టరు చేయించనక్కరలేదు. లబ్ధిదారుల్లో ఒక్కరున్నా ఆ సొమ్ము భర్త ఆస్తిలో కలవదు. రుణదాతలు దానిపై చేయి వేయలేరు.

తొలుత ఈ సెక్షన్ హిందువులకు వర్తిస్తుందా అన్నదే వివాదంగా ఉండేది. 1923 నాటి సవరణ ఆ సందేహాన్ని తీర్చింది. హిందువులు, ముస్లింలు, సిక్కులు, జైనులు మద్రాసు ప్రెసిడెన్సీలో 1913 డిసెంబరు 31 తరువాత, ఇతర ప్రాంతాల్లో 1923 మార్చి 31 తరువాత తీసుకున్న పాలసీలకు దీనిని వర్తింపజేశారు. కోస్తాంధ్ర, రాయలసీమ ప్రాంతాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

ఏం చేయాలి?

పాలసీకి దరఖాస్తు చేసేటప్పుడే ఈ చట్టం కింద ఇవ్వవలసిన అనుబంధ పత్రాన్ని అడిగి తీసుకోవాలి. లబ్ధిదారుల పేర్లు, ఒక్కొక్కరి వాటా, ట్రస్టీ పేరు అందులో నింపాలి. పిల్లలు మైనర్లయితే నమ్మకస్తుడైన ట్రస్టీని ఎంచుకోవడం మరీ ముఖ్యం. ట్రస్టీని నియమించకపోతే సొమ్ము రాష్ట్ర అధికారిక ట్రస్టీకి చేరి, ఆయన ద్వారా లబ్ధిదారులకు అందవలసి ఉంటుంది.

పరిమితులూ ఉన్నాయి

ఒకసారి ఇలా రాసిచ్చాక భర్త తన ఇష్టానుసారం పాలసీని రద్దు చేసుకోవడం, తనఖా పెట్టి అప్పు తేవడం కుదరదు. గడువు తీరాక వచ్చే సొమ్ము కూడా లబ్ధిదారులదే. పేరు రాసిన భార్యతో తరువాత విడాకులైనంత మాత్రాన ఆమె హక్కు దానంతటది పోదు. అందువల్ల వృద్ధాప్యంలో తనకు అక్కరకొస్తుందని దాచుకునే పాలసీల కన్నా, మరణానంతరం మాత్రమే సొమ్ము వచ్చే టర్మ్ పాలసీలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

అప్పులవారిని మోసగించే ఉద్దేశంతోనే పాలసీ తీసుకుని ప్రీమియం కట్టినట్లు రుజువైతే, ఆ సొమ్ము నుంచి బాకీ రాబట్టుకునే వీలును ఇదే సెక్షన్ వారికి కల్పించింది. కనుక అప్పులు నెత్తిమీదకు వచ్చాక కాక, వ్యాపారం సజావుగా సాగుతున్నప్పుడే ఈ ఏర్పాటు చేసుకోవడం మేలు.

ఇప్పటికే ఉన్న సాధారణ పాలసీని తరువాత ఈ చట్టం కిందకు మార్చుకోవడం సాధ్యం కాదు. అలాంటివారు కొత్తగా మరో పాలసీ తీసుకోవాలి. పాత పాలసీ సొమ్ము ఎవరికి చెందాలో వీలునామాలో స్పష్టంగా రాసి, నామినీగా కూడా వారి పేరే ఉండేలా చూసుకుంటే వారసుల మధ్య తగవులకు చాలావరకు తావుండదు.